ఐదు పియాస్టర్ల రొట్టె



ఎవరి పేరు మీద ఏటా ఈ సభ జరుగుతోందో, ఆ మాస్టారి దగ్గర నేను మూడేళ్లు చరిత్ర చదువుకున్నాను. మా తరగతి గది గోడకు ఒక పాత ప్రపంచ పటం వేలాడుతుండేది. అందులో ఈజిప్టు, సిరియా రెండూ ఒకే లేత ఆకుపచ్చ రంగులో ఉండేవి. రెంటికీ కలిపి ఐక్య అరబ్ గణతంత్రం అని పేరు. ఆ పొత్తు 1958 ఫిబ్రవరిలో కుదిరింది, 1961 సెప్టెంబరులో తెగింది. మేం చదివేనాటికే తెగి చాలా కాలమైంది. పటం మార్చరేమండీ అని మాలో ఒకడు అడిగాడు. "కలిసుండటానికి వాళ్లకు ఓపిక లేకపోయింది, పటం కొనడానికి మనకు డబ్బు లేకపోయింది" అన్నారు మాస్టారు. నేను బడి వదిలేనాటికి కూడా అదే పటం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాతి అరబ్ దేశాల గురించి మాట్లాడమన్నారు నిర్వాహకులు. అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున చెప్పుకుంటూ పోతే రైల్వే స్టేషన్లో ప్రకటన విన్నట్టుంటుంది మీకు. అందుకని ఒక్క దేశాన్ని, ఆ దేశంలో ఒక్క వస్తువును పట్టుకుంటాను. దేశం ఈజిప్టు, వస్తువు రొట్టె.

మిగతా అరబ్బులు చాలామంది రొట్టెను ఖుబ్జ్ అంటారు. ఈజిప్టువాళ్లు ఏష్ అంటారు. ఏష్ అంటే బతుకు. రోజూ తినేదాన్ని ఏష్ బలదీ అంటారు, మన నాటు కోడి, నాటు టమాటాలాగా నాటు రొట్టె అన్నమాట. అరచేతికంటే కాస్త పెద్దది, తవుడు పూర్తిగా తీయని గోధుమపిండిది. పొయ్యిలో పడగానే పూరీలా పొంగుతుంది, చల్లారితే రెండు పొరలవుతుంది. ఆ పొరల మధ్య ఉడికించిన చిక్కుడు గింజల ముద్ద పెట్టుకు తింటారు. పేదవాడి పొద్దుటి పూట అదే. కైరో సందుల్లో రొట్టెల బట్టీలకు ఇనుప చువ్వల కిటికీ ఒకటుంటుంది. అందులోంచి వేడివేడి రొట్టెలు అందుకున్నవాళ్లు, ఒకదానికొకటి అంటుకోకుండా, పక్కన ఎవరిదో కారు ఆగి ఉంటే దాని బానెట్ మీద పరిచేస్తారు. కారాయన కూడా ఏమీ అనడు. తాటిమట్టల్లాంటి పుల్లలతో చేసిన పెద్ద తట్ట నిండా రొట్టెలు నెత్తిన పెట్టుకుని, ఒంటి చేత్తో సైకిల్ తొక్కుతూ ట్రాఫిక్‌లో దూసుకుపోయే కుర్రాళ్లు ఆ ఊరికి ఒక గుర్తు.

ఆ రొట్టె ధర ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చూస్తూ పోతే ఆ దేశపు రాజకీయం చాలావరకు అర్థమవుతుందని నా అభిప్రాయం.

ఈజిప్టుకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందంటే ఒక్క తేదీ చెప్పలేం. 1922 ఫిబ్రవరి 28న బ్రిటన్ తనంతట తానే మీరు స్వతంత్రులని ప్రకటించి, సైన్యాన్ని మాత్రం అక్కడే ఉంచింది. 1936లో ఒక ఒడంబడిక రాసుకున్నారు, సైనికులు సూయెజ్ కాలువ పక్కకు జరిగారు. 1952 జులై 23న యువ సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నారు. మూడు రోజుల తర్వాత ఫరూక్ రాజు అలెగ్జాండ్రియా రేవులో ఓడెక్కి వెళ్లిపోయాడు. చివరి బ్రిటిష్ సైనికుడు కాలువ ఒడ్డు వదిలింది 1956 జూన్‌లో. సామాన్యుడిని అడిగితే 1952 అనే చెబుతాడు, మనమూ అదే పెట్టుకుందాం.

ఆ ఏడాది సెప్టెంబరులో రెండు రోజుల తేడాతో రెండు పనులు జరిగాయి. మాస్టారు ఉంటే ఈ రెండు తేదీలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, కింద గీత గీసేవారు.

అంతకు ముందు నెలలో అలెగ్జాండ్రియాకు దగ్గర్లో కఫ్ర్ అల్ దవ్వార్ అనే ఊళ్లో బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. రాజు పోయాడు, వచ్చినవాళ్లు మనవాళ్లే కదా అన్న ధైర్యం. సైన్యం వచ్చింది, సైనిక న్యాయస్థానం కూర్చుంది. ముస్తఫా ఖమీస్, ముహమ్మద్ అల్ బకరీ అనే ఇద్దరు కార్మికులను సెప్టెంబరు 7న ఉరి తీశారు. సెప్టెంబరు 9న భూసంస్కరణల చట్టం వచ్చింది. మనిషికి 200 ఫెద్దాన్లకు మించి భూమి ఉండకూడదు. ఫెద్దాన్ అంటే మన ఎకరానికి రవ్వంత ఎక్కువ. 1961లో దాన్ని 100కు, 1969లో 50కి దించారు.

ఒక చేత్తో ఉరితాడు, ఒక చేత్తో పట్టా. ఆ తర్వాత అరవై ఏళ్లు ఈజిప్టు నడిచిన దారి ఆ మూడు రోజుల్లోనే ఖరారైంది. మీకు భూమి ఇస్తాం, బడి కడతాం, ఉద్యోగం చూపిస్తాం, రొట్టె ధర పెరగనివ్వం. మీరు సంఘాలు పెట్టకండి, సమ్మెలు చేయకండి, పార్టీలు మాకొద్దు. 1953 జనవరిలో పార్టీలన్నిటినీ రద్దు చేశారు కూడా. ఎవరూ కాగితం మీద సంతకాలు చేయలేదు గానీ ఇది ఒప్పందమే.

ఇచ్చింది బూటకం అనేవాళ్లతో నేను ఏకీభవించను. విప్లవానికి ముందు భూయజమానుల్లో నూటికి ఒక్కరు కూడా లేని పెద్ద కమతాలవాళ్ల చేతిలో సాగుభూమి మూడో వంతు దాకా ఉండేది. పంచిన భూమి మొత్తం కలిపినా సుమారు ఎనిమిదో వంతే, నిజమే. కానీ చట్టంలో అసలు బలం పంపకంలో లేదు, కౌలులో ఉంది. కౌలు భూమిశిస్తుకు ఏడు రెట్లు మించకూడదన్నారు. కౌలుదారును తీసేయడం కష్టమైంది, కాలక్రమంలో తండ్రి కౌలు కొడుక్కి వచ్చింది. అంతవరకు ఈజిప్టు ఫల్లాహ్ అనే రైతుకు రేపటి మీద హక్కు అనేది తెలియదు.

ఇక్కడ మన సంగతి ఒకటి గుర్తొస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1950లో, హైదరాబాద్ రాష్ట్రంలో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అన్న మాట పుట్టింది. ఆ చట్టం వెనుక తెలంగాణ పల్లెల్లో సంఘం ఉంది, 1946 నుంచి సాగుతున్న పోరాటం ఉంది. అయినా ఇక్కడ ఎందరు కౌలుదార్ల పేర్లు కాగితాల మీదే మిగిలాయో ఈ సభలో కూర్చున్న న్యాయవాదులకు నాకంటే బాగా తెలుసు. అక్కడ సంఘమే లేదు. పైనుంచి వచ్చిన హక్కు పైవాళ్ల దయ ఉన్నన్నాళ్లే ఉంది. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

1952 సైనికాధికారుల నాయకుడు నాసర్ గురించి మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1956 జులైలో ఆయన బ్రియోనీ ద్వీపంలో టిటోతో, నెహ్రూతో మాట్లాడి, నెహ్రూతో కలిసే విమానంలో కైరోకి తిరిగొస్తున్నారు. అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న డబ్బు ఇవ్వడం లేదని అమెరికా ప్రకటించిన కబురు ఆ విమానంలోనే అందింది. వారం తిరక్కుండా, జులై 26న, అలెగ్జాండ్రియా సభలో సూయెజ్ కాలువను జాతీయం చేస్తున్నట్టు ప్రకటించారు. కాలువ తవ్వించిన ఫ్రెంచివాడు దెలెసెప్స్ పేరు ఆ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వచ్చింది. వినేవాళ్లు ఇదేం చరిత్ర పాఠం అనుకున్నారు. ఆ పేరు వినపడగానే కాలువ కార్యాలయాలను స్వాధీనం చేసుకోవాలని మనుషులకు ముందే సంకేతం ఇచ్చిపెట్టారు.

ఆనకట్ట 1960లో మొదలై 1970లో పూర్తయింది. కరెంటు వచ్చింది, మాగాణి పెరిగింది, నూబియా ఊళ్లు నీళ్లలో మునిగాయి. 1962లో విశ్వవిద్యాలయం చదువు ఉచితమైంది. పట్టభద్రులందరికీ ప్రభుత్వోద్యోగం అన్నారు.

ఆ ఉద్యోగాల గుడి అనదగ్గది తహ్రీర్ మైదానం అంచున ఉన్న ముగమ్మా. రాజు హయాంలో మొదలెట్టిన కట్టడమే గానీ నిండింది నాసర్ పాలనలో. మన కలెక్టరేట్లు పది తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 1992లో 'అల్ ఇర్హాబ్ వల్ కబాబ్' అని ఒక సినిమా వచ్చింది. పిల్లల బడి మార్పిడి కాగితం కోసం ముగమ్మా మెట్లెక్కీ దిగీ విసిగిన ఒక మామూలు మనిషి, అనుకోకుండా చేతికి తుపాకీ వచ్చి, ఆ భవనాన్నే బందీ చేస్తాడు. నీ డిమాండ్లేమిటని మంత్రి అడిగితే అతనికేమీ తోచదు. పక్కనున్న బందీలను అడిగితే కబాబ్ తిని చాలా రోజులైందంటారు. ఆదిల్ ఇమాం నటించిన ఆ సినిమా చూసి ఈజిప్టు పడీపడీ నవ్వింది. నలభై ఏళ్లు ఏమీ అడగొద్దన్నవాళ్లు ఒక్కసారిగా ఏం కావాలో అడగమంటే, తిండి తప్ప ఇంకేం గుర్తుకొస్తుంది?

అడిగినవాళ్లు లేకపోలేదు. దోరియా షఫీక్ అనే ఆమె 1951 ఫిబ్రవరిలో 1500 మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని పార్లమెంటులోకి చొచ్చుకుపోయింది. 1954లో ఓటు కోసం నిరాహార దీక్ష చేసింది. 1956 రాజ్యాంగం స్త్రీలకు ఓటు ఇచ్చింది. అంతటితో ఆమె సంబరపడి ఇంట్లో కూర్చోవాలి, ఒప్పందం ప్రకారం. ఆమె 1957లో నాసర్ నియంతృత్వానికి వ్యతిరేకంగా మళ్లీ దీక్షకు దిగింది. ఎక్కడ? కైరోలోని భారత రాయబార కార్యాలయంలో. ఈ సంగతి మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. తర్వాత ఆమెను గృహ నిర్బంధంలో పెట్టారు, పత్రికల్లో పేరు రాకుండా చేశారు. 1975లో బాల్కనీ మీంచి పడి చనిపోయింది. ఓటు ఇచ్చిన ప్రభుత్వమే ఓటు అడిగిన మనిషి నోరు మూయించింది.

1967 జూన్ యుద్ధంలో ఆరు రోజుల్లో సైనాయి పోయింది, దాంతోపాటు ప్రభుత్వం మీద భయభక్తుల్లో భక్తి పోయింది. 1970 సెప్టెంబరు 28న నాసర్ పోయారు. ఆయన స్థానంలో సాదాత్ వచ్చి, 1973 అక్టోబరు యుద్ధంలో సూయెజ్ కాలువ దాటి కొంత పరువు తిరిగి తెచ్చి, మరుసటేడు ఇన్‌ఫితాహ్ అన్నాడు. తలుపులు తెరవడం అని అర్థం. తెరిచిన తలుపులోంచి ముందు దిగుమతి సరుకులు, తర్వాత అంతర్జాతీయ ద్రవ్యనిధి లోపలికి వచ్చాయి.

1977 జనవరి 17న ఆర్థిక వ్యవహారాల ఉపప్రధాని కైసూనీ లేచి, కొన్ని సరుకుల మీద సబ్సిడీలు తగ్గిస్తున్నామని పార్లమెంటులో చెప్పాడు. రొట్టె, పంచదార, టీ, వంట గ్యాస్ అన్నీ ఉన్నాయి ఆ జాబితాలో. తెల్లారేసరికి అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్ దాకా జనం వీధుల్లో ఉన్నారు. కాలువ దాటిన వీరుడా, మా పొద్దుటి తిండి ఏదీ అని సాదాత్‌ను ఎద్దేవా చేశారు. రెండు రోజులు దేశం అట్టుడికింది. సైన్యం దిగింది, కర్ఫ్యూ పెట్టారు, దగ్గరదగ్గర 80 మంది చనిపోయారు. ధరలు మళ్లీ పాత చోటికే వచ్చాయి. అది దొంగల తిరుగుబాటు అన్నాడు సాదాత్. రొట్టె సబ్సిడీని తమ ఆస్తి అనుకున్నవాళ్లు, ఎవరు దొంగ అనే ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పి ఉంటారు.

ఆ దెబ్బ చుట్టుపక్కల పాలకులందరికీ తగిలింది గానీ బుద్ధి మాత్రం అందరికీ రాలేదు. ట్యునీషియాలో 1983 చివర రొట్టె ధర రెట్టింపు చేశారు, ఊళ్లు రగిలాయి, 1984 జనవరి 6న అధ్యక్షుడు బూర్గీబా టీవీలో కనిపించి పాత ధరే అన్నాడు. అల్జీరియాలో 1988 అక్టోబరులో పెద్ద అల్లర్లు. జోర్డాన్‌లో 1989 ఏప్రిల్‌లో మఆన్ పట్నం లేచింది. ఈ చివరి రెండు చోట్ల ఒక విచిత్రం జరిగింది. రొట్టె ఇవ్వలేనివాళ్లు ఓటు ఇచ్చారు. జోర్డాన్‌లో ఆ ఏడాదే, 1967 తర్వాత మొదటిసారి, పార్లమెంటు ఎన్నికలు జరిపారు. అల్జీరియా బహుళపార్టీ రాజ్యాంగం తెచ్చింది. 1991 డిసెంబరు తొలి విడతలో ఇస్లామిక్ పార్టీ గెలవగానే మరుసటి నెలలో సైన్యం ఆ ఎన్నికలనే రద్దు చేసింది, దేశం అంతర్యుద్ధంలోకి జారింది.

గల్ఫ్ గురించి ఒక్క మాట, మనకు చుట్టరికం ఉంది కనుక. 1960ల దాకా అక్కడ కొన్ని చోట్ల చెల్లింది మన రిజర్వు బ్యాంకు రూపాయే. 1973 తర్వాత చమురు ధర నాలుగు రెట్లైంది. ఈజిప్టు పల్లెల నుంచి మేస్త్రీలు, మాస్టార్లు అటు వెళ్లారు. ఇంచుమించు అదే కాలంలో కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి మనవాళ్లూ బయల్దేరారు. అక్కడ సొంత పౌరులతో ఒప్పందం ఇంకా తేట. పన్ను అడగం, పాలన అడగొద్దు. కువైట్‌లో 1963 నుంచి ఒక పార్లమెంటు గట్టిగానే మాట్లాడేది. 2024 మేలో అమీర్ దాన్నీ రద్దు చేశాడు. మనవాళ్లు ఏ ఒప్పందంలోనూ లేరు. వాళ్లలో చాలామంది పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని చేతిలో ఉండేది. ఈజిప్టు వలస కూలీ పంపిన డబ్బుతో నైలు ఒడ్డున మట్టిగోడల స్థానంలో ఎర్ర ఇటుక మేడలు లేచాయి. ప్రభుత్వం చేయాల్సిన మేలు రియాద్ నుంచి మనియార్డరులో రావడం మొదలయ్యాక, ప్రభుత్వానికి ఒక వెసులుబాటు దొరికింది.

ఆ వెసులుబాటులోనే, సాదాత్ తర్వాత అధ్యక్షుడైన ముబారక్ హయాంలో ఒప్పందాన్ని గుట్టుగా, దారం దారం లాగి విప్పేశారు. ఆయన ఏలిన ముప్పై ఏళ్లూ అత్యవసర చట్టం అమల్లో ఉంది. ఉద్యోగాల హామీ చట్టంలో ఉంది, పట్టభద్రుడు మాత్రం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డాడు. ఇక కౌలు. 1992లో 96వ చట్టం వచ్చింది. ఐదేళ్ల గడువు పెట్టి కౌలును శిస్తుకు ఏడు రెట్ల నుంచి 22 రెట్లకు పెంచారు. 1997 అక్టోబరు నుంచి భూయజమాని ఎంతంటే అంత, ఎవరికిష్టమైతే వాళ్లకు. తాత చేసిన కౌలు, తండ్రి చేసిన కౌలు ఒక్క పంట కాలంలో పోయింది. కొన్ని ఊళ్లలో రైతులు భూమి కార్యాలయాలను తగలబెట్టారు, పోలీసులు కాల్పులు జరిపారు. తమ తరఫున మాట్లాడటానికి రైతులకు సంఘం లేదు. 1952లో ఒప్పుకున్న మౌనానికి 1997లో వడ్డీతో సహా కట్టారు.

రొట్టె ధర జోలికి మాత్రం జంకుతూనే వెళ్లారు. 1977 ఎవరూ మరచిపోలేదు. 1980ల చివర రొట్టె 5 పియాస్టర్లయింది. నూరు పియాస్టర్లు ఒక పౌండు. ఆ ధర అక్కడే ఆగిపోయింది. ధర పెంచలేనివాళ్లు బరువు తగ్గించారు. 130 గ్రాముల రొట్టె 110 అయింది, 2020లో 90 అయింది. మన హోటళ్లలో ఇడ్లీ చిక్కిపోవడం చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. 2008లో గోధుమ ధర ప్రపంచమంతా పెరిగినప్పుడు బట్టీల ముందు వరుసల్లో తోపులాటలు జరిగి మనుషులు చనిపోయారు. అప్పుడు ముబారక్ రొట్టెలు కాల్చమని సైన్యానికి చెప్పాడు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గోధుమ కొనే దేశంలో జవాన్లు పిండి పిసికారు. ఆ ఏప్రిల్‌లోనే నైలు డెల్టాలోని మహల్లా మిల్లు పట్నంలో అల్లర్లు. కఫ్ర్ అల్ దవ్వార్ మనుషుల మనవలు వాళ్లు.

2010 డిసెంబరు 17న ట్యునీషియాలో సీదీ బూజీద్ అనే చిన్న పట్నంలో బండి మీద కూరగాయలు, పళ్లు అమ్మే బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. నెల తిరిగేలోగా అక్కడి అధ్యక్షుడు బెన్ అలీ పారిపోయాడు. జనవరి 25న కైరోలో జనం తహ్రీర్ మైదానానికి వచ్చారు. వాళ్ల నినాదంలో మొదటి మాట ఏష్. ఏష్, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. రొట్టె కావాలో స్వేచ్ఛ కావాలో తేల్చుకోండి అని 1952 నుంచి చెబుతూ వచ్చిన ప్రభుత్వం ఎదుట, ముగమ్మా నీడలో నిలబడి, రెండూ ఒకే ఊపిరిలో అడిగారు. ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు. ఆ పద్దెనిమిది రోజులను తక్కువ చేసి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. తర్వాత ఏమైందో తెలిసినవాడికి తెలివి ఉండటం గొప్పేమీ కాదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. 2012 జూన్‌లో అధ్యక్ష ఎన్నికల్లో ముర్సీ గెలిచాడు. తన ఇష్టారాజ్యమే అనుకున్నాడు. 2013 జులై 3న సైన్యం ఆయన్ను దించింది. ఆగస్టు 14న రబా కూడలిలో ఆయన మనుషులను ఖాళీ చేయించినప్పుడు ఒక్కరోజులో 800 మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. నవంబరులో కొత్త చట్టం వచ్చింది. ఊరేగింపు తీయాలంటే పోలీసులకు ముందుగా తెలపాలి, వాళ్లు వద్దనొచ్చు అంది ఆ చట్టం. 2014లో రొట్టెకు కార్డు వచ్చింది, మనిషికి రోజుకు ఐదు. 2016లో ద్రవ్యనిధి నుంచి 1200 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి పౌండు విలువను మార్కెట్‌కు వదిలేశారు. డాలరుకు తొమ్మిది లోపున్న పౌండ్లు ఆ ఏడాది చివరికే రెట్టింపయ్యాయి, 2024 మార్చిలో యాభైకి చేరాయి.

2024 మే చివర్లో ప్రధాని మద్బూలీ విలేఖరులను పిలిచి, ఒక్కో రొట్టెకు ప్రభుత్వానికి 125 పియాస్టర్ల ఖర్చవుతోందని లెక్క చెప్పారు. జూన్ 1 నుంచి రొట్టె 20 పియాస్టర్లు. మన డబ్బులో ముప్పై పైసలకు కాస్త పైన. తినేవాళ్లు ఏడు కోట్ల దాకా ఉన్నారు. మూడు దశాబ్దాలు దాటాక మొదటిసారి ధర పెరిగింది, అదీ ఒక్కసారే నాలుగింతలు.

ఆ రోజు పొద్దున్న బట్టీల కిటికీల ముందు జనం ఎప్పటిలాగే వరుసలో నిలబడ్డారు. కొత్త ధర చెల్లించారు. 1977లాంటిదేమీ జరగలేదు.